జిప్సీకి ఎస్టీమ్ ఇంజిను: ఆయిల్ ప్రెజర్ వేట, ఆరు దశల డైరీ

బండి 1997 మారుతి జిప్సీ కింగ్. పాత ఇంజిను హెడ్డు పగిలి, నీళ్లు ఆయిల్లో కలిసి, బేరింగులు తినేసింది. దాని స్థానంలోకి విజయవాడ ఆటోనగర్‌లో దొరికిన మారుతి ఎస్టీమ్ కారు కార్బురేటర్ ఇంజిను ఎక్కించాను. రెండూ ఒకే కుటుంబం: 1298 సీసీ, 74 మి.మీ. బోరు, 75.5 మి.మీ. స్ట్రోకు, 8 వాల్వులు, అల్యూమినియం బ్లాకు. ఎస్టీమ్‌లో ఇంజిను అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. ఎస్టీమ్ ఛాంబర్, అంటే ఇంజిను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, జిప్సీ ముందు ఆక్సిల్‌కి తగులుతుంది. అందుకని జిప్సీ ఛాంబరూ, అందులోంచి పంపుకి ఆయిల్ లాగే జాలీ గొట్టమూ (స్ట్రెయినర్) విప్పి కొత్త ఇంజినుకి బిగించాలి. ఇక్కడిదాకా ఈ పని చేసినవాళ్లందరికీ తెలుసు. ఆ ఛాంబర్ మార్పిడిలో నేను చేసిన మూడు పొరపాట్లకు ఎంత మూల్యం పడిందో కింద ఉంది. ఇంకెవరైనా ఇదే మార్పిడి పెట్టుకుంటే ఆ మూడు చోట్లా ముందే జాగ్రత్త పడతారని రాస్తున్నాను.

ఇంజిను ఎక్కించిన ఖర్చు ఇందులో లేదు. లెక్కలన్నీ ప్రెజర్ సమస్య మొదలైన రోజు నుంచే.

కాగితాల మాట ఒకటి ముందే చెప్పేస్తాను. ఇంజిను మారిస్తే మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 వర్తిస్తుంది. కొత్త ఇంజిను నంబరు ఆర్సీలో ఎక్కాలి. ఇంజిను కొన్న బిల్లు, ఆ ఇంజిను వచ్చిన బండి కాగితాల నకలు అమ్మినవాళ్ల దగ్గర అడిగి తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి. తర్వాత అడిగితే దొరకవు.

దశ 1: లైటు చెప్పేది చాలదు, గేజు కావాలి

రెండో రోజు రాజానగరం వెళ్లి వస్తుంటే, బండి స్లోలో ఆగిన ప్రతిసారీ డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు మినుకు మినుకుమంది. యాక్సిలేటర్ కాస్త తొక్కితే ఆరిపోయింది. చల్లని ఇంజినులో అసలు వెలగలేదు.

చాలామంది ఇక్కడ మొదట ఆయిల్ స్విచ్చి మారుస్తారు. స్విచ్చి చెడిపోయి కూడా ఉండొచ్చు, కాదనను. కానీ ఆ స్విచ్చి చెప్పేది ఒక్కటే మాట: ప్రెజర్ బాగా పడిపోయిందా, లేదా. ఎంత ఉంది, ఎప్పుడు పడుతోంది అన్నది దానికి తెలియదు. అందుకని స్విచ్చి విప్పి ఆ రంధ్రంలోనే మెకానికల్ గేజు పెట్టాను.

1. ఆయిల్ ఫిల్టర్ పక్కన ఉన్న స్విచ్చి విప్పాను.
2. గేజుతో వచ్చిన అడాప్టరు రెండు చుట్లు హాయిగా తిరిగి, మూడో చుట్టుకి బిగిసిపోయింది. వెంటనే ఆపాను.
3. మరల పళ్లు కొలిచే పిచ్ గేజు పెట్టి చూస్తే బ్లాకుది అంగుళానికి 28 పళ్ల బీఎస్‌పీటీ (బ్రిటిష్ కొలత మర), అడాప్టరుది 27 పళ్ల ఎన్‌పీటీ (అమెరికా కొలత మర). రెండూ 1/8 అంగుళమే. చూపుకి ఒకటేలా ఉంటాయి.
4. లేత్ షాపులో ఇత్తడితో సరైన అడాప్టరు చేయించాను. 250 రూపాయలు.

బ్లాకు అల్యూమినియం. ఆ మూడో చుట్టుకి పానా వేసి బలంగా తిప్పి ఉంటే మరలు ఊడొచ్చేవి, లేదా రంధ్రం చుట్టూ ఉన్న అంచు పగిలేది. జపాను కుటుంబపు ఇంజిన్లకి గేజు కొనేటప్పుడు మరల సంగతి దుకాణంలోనే తేల్చుకోండి.

ఇంకో పని కూడా చేశాను. మల్టీమీటర్‌కి తగిలించే ఉష్ణోగ్రత వైరు కొని, డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్లోకి దించాను. ఆయిల్ 60 డిగ్రీల దగ్గర చూపే ప్రెజర్‌కి, 90 దగ్గర చూపేదానికి పోలికే ఉండదు. వేడి కొలవకుండా రాసుకున్న ప్రెజర్ నంబరు మరుసటి రోజుకి పనికిరాదు. అందుకే ఈ డైరీలో ప్రతి వేడి రీడింగూ ఆయిల్ 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తీసిందే. అంత వేడెక్కడానికి పాతిక నిమిషాలు బండి నడపాలి. నిలబెట్టి ఉంచితే నీళ్లు వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు.

మొదటి రీడింగులు, కేజీల్లో (చదరపు సెంటీమీటరుకి). గేజు మీద పౌండ్లు మాత్రమే ఉంటే 14.2తో భాగించండి.

చల్లగా, 900 ఆర్‌పీఎం: 3.4
వేడిగా, 900: 0.4
వేడిగా, 2000: 1.2
వేడిగా, 3000: 1.5, ముల్లు వణుకుతోంది
వేడిగా, 4000: 1.2

ఈ చివరి అంకె నన్ను కూర్చోబెట్టింది. వెయ్యి ఆర్‌పీఎంకి పది పౌండ్లు, అంటే 0.7 కేజీ, ఉండాలని షెడ్లలో అందరూ అనే అంచనా. ఆ లెక్కన 3000 దగ్గర 2.1 రావాలి. రాకపోవడం ఒక ఎత్తు, స్పీడు పెంచితే ప్రెజర్ తగ్గడం ఇంకో ఎత్తు.

పంపు తయారుచేసేది ప్రెజర్ కాదు, ప్రవాహం. తోటలో నీళ్ల పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార జోరు పెరుగుతుంది. ఇంజినులో ఆ బొటనవేలు బేరింగుల సందు. సందు అరిగి పెద్దదైతే ప్రెజర్ తగ్గుతుంది, నిజమే. కానీ అప్పుడు కూడా స్పీడు పెంచేకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ తోస్తుంది కాబట్టి ముల్లు పైకే ఎక్కాలి. పైకి వెళ్లాల్సింది కిందికి దిగుతోందంటే పంపుకి కావాల్సినంత ఆయిల్ అందడం లేదు. మూతి మూసుకుపోయి అయినా ఉండాలి, దారిలో గాలి అయినా లాగుతుండాలి. ఒక్క నంబరు చూసి బేరింగులు పోయాయని ఇంజిను దించకండి. నాలుగు స్పీడుల్లో నాలుగు నంబర్లు వరసగా రాసి, ఆ వరస ఎటు పోతోందో చూడండి.

ఇప్పటిదాకా: గేజు 1,450, అడాప్టరు 250, ఉష్ణోగ్రత వైరు 300. మొత్తం 2,000 రూపాయలు. 3 గంటలు.

దశ 2: డిప్‌స్టిక్ అబద్ధం

ఆయిల్ మట్టం చూశాను. డిప్‌స్టిక్ మీద ఫుల్ గీత దగ్గర ఉంది. కానీ నాకు గుర్తున్నంతలో నేను పోసింది మూడు లీటర్లకి తక్కువే. ఫుల్ గీతకి వచ్చిందని ఆపేశాను.

డిప్‌స్టిక్ ఎస్టీమ్‌ది, ఛాంబర్ జిప్సీది. నా మొదటి పొరపాటు అదే.

1. ఆయిల్ మొత్తం కొలత డబ్బాలోకి దించాను. వచ్చింది 2.8 లీటర్లు.
2. దాన్నే తిరిగి పోసి, పైన 0.7 కలిపి, మొత్తం 3.5 లీటర్లు చేశాను.
3. బండి సమంగా ఉన్న చోట పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ ముంచి చూశాను. ఆయిల్ గీత పాత ఫుల్ గుర్తుకి 14 మి.మీ. పైన ఉంది.
4. అక్కడ త్రికోణపు ఆకురాయితో కొత్త గుర్తు కోశాను. పాత గుర్తుని రుద్ది చెరిపేశాను.

పాత గుర్తుని చెరపడం మరవకండి. రేపు పెట్రోలు బంకులో ఎవరైనా చూసి "ఆయిల్ ఎక్కువైందండి" అని తీసేస్తే మళ్లీ మొదటికి.

వేడి రీడింగులు: 900 దగ్గర 0.4, 2000 దగ్గర 1.3, 3000 దగ్గర 1.6, 4000 దగ్గర 1.3. మలుపుల్లో ముల్లు ఇదివరకటిలా సున్నా వైపు పడిపోవడం మానేసింది. వరస మాత్రం మారలేదు. 4000 దగ్గర ఇంకా దిగుతూనే ఉంది.

ఇప్పటిదాకా: లీటరు ఆయిల్ 380. మొత్తం 2,380 రూపాయలు. 5 గంటలు.

దశ 3: చిక్కటి ఆయిల్, చల్లారిన లైటు, మిగిలిన జబ్బు

మా షెడ్డు పక్కనుండే మేస్త్రి గారికి ఈ ఇంజిన్లతో ముప్పై ఏళ్ల పరిచయం. ఆయన మాట: "20డబ్ల్యూ-50 పోసెయ్యండి బాబూ, లైటు ఆరిపోద్ది. లేదంటారా, పంపు రిలీఫ్ స్ప్రింగు కింద ఓ వాషరు పడేద్దాం. ఆయ్, సరిపోద్దండి."

వాషరు వద్దన్నాను. రిలీఫ్ వాల్వు తెరుచుకునేది ప్రెజర్ ఎక్కువైనప్పుడు. వేడి మీద స్లోలో 0.4 కేజీ ఉన్న ఇంజినులో ఆ వాల్వు ఎటూ మూసుకునే ఉంటుంది. స్ప్రింగు బిగించినంత మాత్రాన మూసుకున్న తలుపు ఇంకా మూసుకోదు. చల్లని ఇంజిను స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ప్రెజర్ అదుపు తప్పి ఫిల్టర్ సీలు ఉబ్బుతుంది. స్ప్రింగు విరిగితేనో, వాల్వు మురికితో తెరుచుకుని ఇరుక్కుంటేనో అది వేరే సంగతి. దాన్ని పంపు విప్పినప్పుడు చూస్తాను మేస్త్రి గారూ, అన్నాను. ఆయన తలూపారు, కానీ ఆయిల్ మాట వదల్లేదు.

ఆయిల్ మాత్రం ఆయన చెప్పినట్టే మార్చాను, పరీక్ష కోసం: అప్పటిదాకా ఉన్న 20డబ్ల్యూ-40 తీసి, దానికంటే చిక్కటి 20డబ్ల్యూ-50. ఫిల్టర్ కూడా కొత్తది. వేడి రీడింగులు:

900: 0.6
2000: 1.5
3000: 1.8
4000: 1.5

లైటు ఆరిపోయింది. మినుకు కూడా లేదు. ఇక్కడ ఆగిపోయే బళ్లు ఎన్ని ఉంటాయో. అంకెలన్నీ 0.2 జరిగాయి, వరస అలాగే ఉంది. 4000 దగ్గర అదే దిగుడు. చిక్కటి ఆయిల్ బేరింగు సందుల్లోంచి నెమ్మదిగా కారుతుంది, అందుకే స్లోలో కాస్త పెరిగింది. కానీ మూసుకుపోయిన మూతిలోంచి చిక్కటి ఆయిల్ లాగడం పంపుకి ఇంకా కష్టం. పొద్దున్న చల్లని స్టార్టింగ్‌లో గేజు కదలడానికి ఆరు సెకన్లు పట్టింది. అంతకుముందు మూడే.

ఈ దశలో పనికొచ్చిన ఆధారం ఆయిల్ నుంచి రాలేదు, విప్పేసిన పాత ఫిల్టర్ నుంచి వచ్చింది. దాన్ని హాక్సాతో చుట్టూ కోసి, లోపలి కాగితం మడతల్ని విప్పి తెల్లగుడ్డ మీద పరిచాను. అయస్కాంతం తిప్పితే ఏమీ అంటలేదు. ఎండలో అటూ ఇటూ వంచి చూస్తే రాగి మెరుపు లేదు, బేరింగులకి అది శుభవార్త. కానీ మడతల మధ్య కందిబేడ పొట్టులాంటి ఎర్ర తునకలు. గోటితో నొక్కితే సాగాయి. రబ్బరు.

ఛాంబర్‌కి నేను రాసిన సిలికాన్ గమ్మే అది.

ఇప్పటిదాకా: 20డబ్ల్యూ-50 ఆయిల్ నాలుగు లీటర్లు 1,680, ఫిల్టర్ 160. మొత్తం 4,220 రూపాయలు. 6.5 గంటలు.

దశ 4: ఛాంబర్ మొదటిసారి దించుడు

జిప్సీలో ఛాంబర్ దించాలంటే ముందు ఆక్సిల్ అడ్డు. నా బండిలో పని జరిగిన వరస:

1. ఛాసిస్ కింద నాలుగు స్టాండ్లు, ముందు ఆక్సిల్ వేలాడేలా.
2. ఆయిల్ శుభ్రమైన డబ్బాలోకి. దాన్ని పారబోయొద్దు, అడుగున ఏం మిగిలిందో చూడాలి.
3. ఇంజిను మౌంటులు వదులు చేసి, చైన్ బ్లాకుతో 65 మి.మీ. పైకి. ఫ్యాను రేడియేటర్‌కి తగలకుండా మధ్యలో అట్టముక్క.
4. ఛాంబర్ బోల్టులు అన్నీ విప్పి, పుట్టీ బ్లేడుతో మెల్లగా విడదీయడం. స్క్రూడ్రైవర్ దూర్చితే అల్యూమినియం అంచు వంగుతుంది, ఆ వంపులోంచి జీవితాంతం లీకు.

ఛాంబర్ దిగింది. స్ట్రెయినర్ జాలీ మీద ఎర్ర సిలికాన్ పోగులు వానపాముల్లా అల్లుకుని ఉన్నాయి. జాలీలో సగానికి పైగా మూసుకుపోయింది. చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాను. నా రెండో పొరపాటు ఇది. ఇంజిను ఎక్కించేటప్పుడు ఛాంబర్ అంచున వేలు లావు గమ్ము పెట్టాను, లీకు కాకూడదని. బోల్టులు బిగించగానే అందులో సగం లోపలికి పిండుకుపోయి, ఆయిల్లో నాని, ఊడి, పంపు లాగే చోటికి చేరింది.

జాలీని డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగాను. ఛాంబర్‌నీ కడిగాను. ఈసారి గమ్ము 3 మి.మీ. గీత మాత్రమే, బోల్టు రంధ్రాలకి లోపలి వైపు నుంచి. పదిహేను నిమిషాలు పైపొర ఆరనిచ్చి, ఛాంబర్ బోల్టులన్నీ వేలితో ఎక్కించి, తర్వాత 10 న్యూటన్ మీటర్లకి మధ్య నుంచి చివర్లకి అడ్డదిడ్డంగా బిగించాను. రాత్రంతా ఆరాకే ఆయిల్ పోశాను.

మూసే ముందు చేసిన ఇంకో కొలత, ఇది ఎవరికైనా పనికొస్తుంది. ఛాంబర్ అడుగున, స్ట్రెయినర్ కిందికి వచ్చే చోట పిల్లలు ఆడుకునే మైనపు ముద్ద పెట్టి, ఛాంబర్‌ని నాలుగు బోల్టులతో ఒకసారి బిగించి విప్పాను. నలిగిన ముద్ద మందం 8 మి.మీ. అంటే స్ట్రెయినర్‌కి ఛాంబర్ అడుగుకి మధ్య చాలినంత ఖాళీ ఉంది, గొట్టం వంగిపోలేదు. పాత బండిలో ఛాంబర్ రాయికి కొట్టుకుని సొట్ట పడితే ఈ ఖాళీ మూసుకుపోతుంది.

పోలిక చెడకూడదని మళ్లీ 20డబ్ల్యూ-40 పోశాను. వేడి రీడింగులు:

900: 0.6, ముల్లు సన్నగా వణుకుతోంది
2000: 1.8
3000: 2.3
4000: 2.4

వరస తిరిగింది. ఇప్పుడు స్పీడుతో పాటు ప్రెజర్ ఎక్కుతోంది. పల్చటి ఆయిల్‌తో కూడా. ఇక ఇంజిను ప్రమాదంలో లేదు.

కానీ స్లోలో ఆ వణుకు నాకు నచ్చలేదు. ఇక్కడే నా మూడో పొరపాటు ఉంది. జాలీని ఉన్నచోటే కడిగాను, స్ట్రెయినర్ గొట్టం విప్పలేదు. దాని పై చివర, పంపుకి కలిసే చోట, గాలి చొరబడకుండా రబ్బరు ఓ-రింగు ఉంటుంది, ఆ రింగుని నేను చూడనే లేదు. పాత జిప్సీ గొట్టాన్ని పాత రింగుతోనే ఎక్కించాను.

ఇప్పటిదాకా: ఆయిల్ 1,480, ఫిల్టర్ 160, గమ్ము 180, చైన్ బ్లాకు అద్దె 300, కడగడానికి డీజిల్ 100. మొత్తం 6,440 రూపాయలు. 13.5 గంటలు.

దశ 5: గట్టు మీద పరీక్ష, ఓ-రింగు

ఛాంబర్ మళ్లీ దించే ముందు, గాలి లాగుతోందన్న అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాను. ఐదారు గంటల పని ఊహ మీద చేయబుద్ధి కాలేదు.

పరీక్ష సులువు. స్ట్రెయినర్ గొట్టం పంపుకి కలిసే చోటు ఇంజిను ముందు వైపు ఉంటుంది. ఆ జాయింటు ఆయిల్లో మునిగి ఉంటే, రింగు లీకైనా అక్కడ లాగేది గాలి కాదు, ఆయిలే. అర లీటరు ఆయిల్ ఎక్కువ పోసి, వేడెక్కిన బండిని గోదావరి గట్టు దిగే ర్యాంపు మీద ముక్కు కిందికి పెట్టి ఆపాను. హ్యాండ్ బ్రేకు, చక్రాలకి రాళ్లు. స్లోలో రీడింగు 0.6 నుంచి 0.9కి ఎక్కింది, వణుకు ఆగిపోయింది. బండి తిప్పి ముక్కు పైకి పెట్టాను. 0.5, వణుకు తిరిగి వచ్చింది. రెండు నిమిషాల పని. ఇంటికొచ్చి ఎక్కువ పోసిన అర లీటరు దించేశాను. ఎక్కువ ఆయిల్‌తో బండి నడిపితే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, అప్పుడు ఇంకో కొత్త సమస్య.

ఛాంబర్ రెండోసారి దిగింది. స్ట్రెయినర్ గొట్టం రెండు బోల్టులు విప్పి లాగితే రింగు బయటికొచ్చింది. గుండ్రంగా ఉండాల్సింది చపాతీలా చదునైపోయి, వంచితే టప్పున విరిగింది. రబ్బరు గుణం పూర్తిగా పోయింది. ఇరవై ఏళ్లకి పైగా వేడిలో ఉన్న రింగు అది. కొత్త రింగు ధర 60 రూపాయలు.

కొత్త రింగుకి ఆయిల్ రాసి, గాడిలో కూర్చోబెట్టి, గొట్టాన్ని నిటారుగా నొక్కి, రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక వైపే ముందు బిగిస్తే రింగు ఒక పక్క నలుగుతుంది.

ఛాంబర్ తెరిచి ఉంది కాబట్టి బిగ్ ఎండ్ బేరింగులు (పిస్టన్ కడ్డీ క్రాంకుని పట్టుకునే చోటివి) ఎంత సందు ఇస్తున్నాయో కొలిచాను. ప్లాస్టీగేజ్ అనే నలిగే ప్లాస్టిక్ తీగ ముక్కని క్రాంకు జర్నల్ (బేరింగు పట్టే నున్నటి భాగం) మీద పెట్టి, క్యాపు 35 న్యూటన్ మీటర్లకి బిగించి, క్రాంకు తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పుని కాగితం మీది కొలతతో పోల్చడం. నాలుగు బేరింగులు: 0.040, 0.045, 0.045, 0.060 మి.మీ. అరుగుదల హద్దు 0.080. నాలుగోది మిగతావాటి కంటే అరిగింది, అయినా హద్దులోనే ఉంది. బేరింగు షెల్ మీద రాగి కనిపించలేదు. అలాగే వదిలేశాను. క్యాపులు విప్పేటప్పుడు పంచ్‌తో 1, 2, 3, 4 చుక్కలు కొట్టుకోండి. క్యాపులు తారుమారైనా, తిరగబడినా కొలతలన్నీ వృథా.

క్రాంకుని బ్లాకులో మోసే మెయిన్ బేరింగుల జోలికి పోలేదు. బండి కింద పడుకుని కొలిస్తే క్రాంకు బరువు కిందికి వేలాడుతుంది, ప్లాస్టీగేజ్ తప్పు చూపిస్తుంది. అది ఇంజిను దించి తలకిందులు చేసినప్పుడు చేసే పని.

వేడి రీడింగులు: 900 దగ్గర 0.8, వణుకు లేదు. 2000 దగ్గర 2.0, 3000 దగ్గర 2.7, 4000 దగ్గర 2.8.

మేస్త్రి గారు గేజు చూసి, "ఇంకేటండి, చక్కగా ఉంది కదా" అన్నారు. షెడ్డు అంచనా ప్రకారం ఆయన మాట నిజమే. కానీ 3000 నుంచి 4000కి 0.1 మాత్రమే పెరగడం నాకు మింగుడు పడలేదు. మంచి పంపు అయితే అక్కడ ఇంకా ఎక్కాలి. ఛాంబర్ తెరిచి ఉన్నప్పుడే పంపు కూడా విప్పి కొలిచి ఉండాల్సింది. టైమింగ్ బెల్టు విప్పాలని బద్ధకించాను. ఆ బద్ధకం ఖరీదు ఛాంబర్ మూడోసారి దించడం.

ఇప్పటిదాకా: ఓ-రింగు 60, ప్లాస్టీగేజ్ 520, చైన్ బ్లాకు 300. ఆయిల్ అరవై కిలోమీటర్లే నడిచింది, శుభ్రమైన డబ్బాలో పట్టి అదే తిరిగి పోశాను. మొత్తం 7,320 రూపాయలు. 19.5 గంటలు.

దశ 6: పంపు

ఈ ఇంజినులో ఆయిల్ పంపు క్రాంకు ముందు చివర, టైమింగ్ పుల్లీ వెనక కూర్చుంటుంది. క్రాంకు మీది చదును ముఖాలే లోపలి గేరుని తిప్పుతాయి. పంపు తీయాలంటే బెల్టులు, క్రాంకు పుల్లీ, టైమింగ్ బెల్టు, ఛాంబర్ అన్నీ విప్పాలి.

పంపు వెనక పలక స్క్రూలు బిగుసుకుని ఉన్నాయి. ఇంపాక్ట్ డ్రైవర్‌కి సుత్తి దెబ్బ వేస్తేనే కదిలాయి. కొలతలు:

బయటి గేరుకీ కేసుకీ మధ్య: 0.20 మి.మీ. హద్దు 0.31. బాగుంది.
గేర్ల ముఖానికీ పలకకీ మధ్య, స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజుతో: 0.18. హద్దు 0.15. దాటింది.

పలక మీద గోటికి తగిలే వలయపు గీతలు. తోసిన ఆయిల్లో కొంత ఆ సందులోంచే వెనక్కి జారిపోతోంది. రిలీఫ్ వాల్వు మాత్రం శుభ్రంగా ఉంది, వేలితో నొక్కితే జారుడుగా కదిలింది, స్ప్రింగు విరగలేదు. వాషరు వేసి ఉంటే ఏమీ మారేది కాదని అక్కడే తేలింది. మేస్త్రి గారికి పలక చూపించాను. గోరు పెట్టి గీసి చూసి, "అవునండి, ఇదేనండి" అన్నారు. ఆ తర్వాత పని అయ్యేదాకా ఆయనే పక్కనుండి టైమింగ్ గుర్తులు సరిచూశారు.

పలకని ఎమరీ పేపరు మీద రుద్ది చదును చేసే పద్ధతి ఉంది. మందపాటి అద్దం మీద పేపరు అంటించి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతారు. పలక గీతలు పోతాయి, కానీ గేర్లూ కేసూ అరిగిన లోతు పోదు. అందుకని కొత్త పంపే కొన్నాను. బిగించే ముందు కొత్తదాన్ని కూడా కొలిచాను: 0.07.

బిగించిన వరస:

1. పంపు లోపల గేర్ల సందుల నిండా వాజలైన్ కూరాను. ఎండు పంపు ఆయిల్ లాగలేదు. ఆ జిడ్డే మొదటి లాగుడికి సీలులా పనిచేస్తుంది, తర్వాత ఆయిల్లో కరిగిపోతుంది.
2. కొత్త క్రాంకు సీలు పెదవికి ఆయిల్ రాసి, క్రాంకు అంచుకి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీదుగా జార్చాను. పెదవి మడతపడితే నెలలోపే లీకు.
3. పంపు బోల్టులు 10 న్యూటన్ మీటర్లు. పొడవు బోల్టులు, పొట్టి బోల్టులు ఏవి ఎక్కడివో అట్టమీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకున్నాను. పొడవుది పొట్టి రంధ్రంలో వేస్తే అల్యూమినియం పగులుతుంది.
4. స్ట్రెయినర్‌కి మళ్లీ కొత్త ఓ-రింగు.
5. టైమింగ్ బెల్టు కూడా కొత్తది. విప్పిన పాతది తిరిగి వేయబుద్ధి కాలేదు.
6. ఫిల్టర్‌లో ముందే ఆయిల్ నింపి బిగించాను.
7. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, కాయిల్ వైరు తీసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టాను. మొదటి రెండు సార్లు గేజు కదల్లేదు. మూడోసారి 1.0కి ఎక్కింది. అప్పుడే ప్లగ్గులు బిగించాను.

మూడు సార్లు పది సెకన్లలోనూ గేజు కదలకపోతే ఆపి, ఫిల్టర్ విప్పి, ఆ రంధ్రంలోకి ఆయిల్ పోసి మళ్లీ ప్రయత్నించాలి. ప్రెజర్ రాకుండా ఇంజిను స్టార్ట్ చేయొద్దు. ఇంత కష్టపడి కొలిచిన బేరింగులు అరనిమిషంలో పోతాయి.

వేడి రీడింగులు:

900: 1.1
2000: 2.5
3000: 3.3
4000: 3.6

చల్లగా స్టార్ట్ చేస్తే 4.4, సెకనున్నరలో.

ఇప్పటిదాకా: పంపు 2,850, సీలు 220, టైమింగ్ బెల్టు 650, పంపు ప్యాకింగు 90, ఫిల్టర్ 160, ఆయిల్ 1,480, చైన్ బ్లాకు 300. ఈ దశకి 5,750, మొత్తం 13,070 రూపాయలు. 28.5 గంటలు. ఇందులో ఛాంబర్ అనవసరంగా దించిన రెండుసార్లకి పదకొండు గంటలు పోయాయి.

నడక: మారేడుమిల్లి

ఊళ్లో తిరిగితే సరిపోదని, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లాను. వెళ్లేది సుమారు 85 కిలోమీటర్లు. అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో కొంత దూరం ఎక్కి దిగాను. సెకండ్ గేరులో ఎక్కుతుంటే ఆయిల్ 104 డిగ్రీలకి చేరింది. అంత వేడిలో 3000 దగ్గర 3.0. ఘాట్ దిగుతూ మలుపుల్లో బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఆయిల్ ముందుకి తోసుకొస్తుంది. ముల్లు ఒక్కసారి కూడా కదల్లేదు. మారేడుమిల్లిలో టీ తాగడానికి ఆగినప్పుడు స్లోలో 0.9.

1,000 కిలోమీటర్లకి ఆయిల్ దించి, ఫిల్టర్ మళ్లీ కోశాను. మడతల్లో రెండు ఎర్ర తునకలు, ఆవగింజ కంటే చిన్నవి. బ్లాకు దారుల్లో ఎక్కడో మిగిలినవి అయ్యుంటాయి. అయస్కాంతానికి సన్నని బూడిద రంగు పొడి, కొత్త పంపు గేర్లు కుదురుకునేటప్పుడు వచ్చేదే. రాగి లేదు. అదే 90 డిగ్రీల దగ్గర స్లోలో 1.1, 3000 దగ్గర 3.3. పంపు కింద ఛాంబర్ కలిసే మూలలో మాత్రం చెమ్మ కనిపిస్తోంది, చుక్క రాలడం లేదు. అక్కడ గమ్ము మరీ పల్చగా పెట్టినట్టున్నాను. సున్నం గీత గీసి వదిలాను, తర్వాతి ఆయిల్ మార్పుకి ఆ గీత దాటి తడిసిందో లేదో చూడాలి.